పండుకుంటే మానే గాయాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే బల్ల దగ్గర ఒక పూట కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. రాక్షసులు, కత్తులు, మంత్రాల గురించి ఎంత మాట్లాడుకున్నా గొంతులు పెరిగేది మాత్రం ఒక్క ప్రశ్న దగ్గరే. "అన్నా, ఇక్కడ్నే పండుకుందామా?" అని ఒకరు అడుగుతారు. "ఇప్పుడే గద లేచినం, ఇంకో రెండు గదులు చూసినంక పండుకుందాం" అంటారు ఇంకొకరు. గుహ నిండా శత్రువులుంటే పడక గురించి ఈ పంచాయితీ ఏమిటని కొత్తవాళ్లు విస్తుపోతారు. ఆ ఆటలో నిజమైన ఆస్తి నిద్రే మరి. మిగతావన్నీ దాన్ని ఖర్చు పెట్టే దారులు.

గాయాలు మాన్పడం ఈ ఆటల్లో పైకి ఒక మంత్రం, ఒక మందు సీసా. లోపల మాత్రం అదొక పద్దు, ఆ పద్దులో ఖర్చు రాసుకోవాల్సింది కాలం. కాలానికి ధర లేని చోట వైద్యం ఉచితమైపోతుంది. వైద్యం ఉచితమైతే కత్తికి ఎవరూ భయపడరు. ఇది ఎట్లా జరుగుతుందో విడమరిచి చెప్పి, ఆ తర్వాత ఇవే నియమాలను నల్లగొండ, పాలమూరు నేల మీద పెట్టి చూద్దాం. అమెరికాలో చలిప్రాంతపు ఊళ్లలో పుట్టిన ఆట మన ఎండకు తట్టుకుంటుందా అన్నది చూడవలసిందే.

ముందు ఆట ఏమిటో చెప్పాలి. నలుగురైదుగురు ఆటగాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా, పొట్టిగా చెప్పాలంటే డీఎంగా, లోకాన్నీ అందులోని శత్రువులనూ నడిపిస్తారు. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. వాటిలో ముఖ్యమైన పాచికకు 20 ముఖాలుంటాయి. గెలుపోటములు లేవు, పందెం లేదు, అందువల్ల పోలీసుల భయమూ లేదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని 1974లో అచ్చువేశారు.

ప్రతి పాత్రకూ కొన్ని హిట్ పాయింట్లుంటాయి. దెబ్బ తగిలితే తగ్గుతాయి, సున్నాకు చేరితే మనిషి కూలిపోతాడు. ఈ లెక్క కత్తియుద్ధం నుంచి వచ్చింది కాదు. అంతకుముందు తాను ఆడించిన ఓడల యుద్ధాల ఆట నుంచి తెచ్చుకున్నానని ఆర్నెసన్ చెప్పుకున్నాడు. ఇనుప ఓడకు ఎన్ని గుండ్లు తగిలితే మునుగుతుంది అన్నది అసలు లెక్క. ఎన్నో వారాలు కష్టపడి పెంచుకున్న పాత్ర ఒక్క దెబ్బకు చచ్చిపోతుంటే ఆటగాళ్లకు మింగుడు పడలేదు, అందుకని ఓడ లెక్కను మనిషికి తగిలించారు. ఫలితం ఈనాటికీ ఉంది. 28 పాయింట్లున్న యోధుడు 27 పోగొట్టుకున్నా, మిగిలిన ఒక్క పాయింటుతో మొదట ఎంత జోరుగా కత్తి తిప్పాడో అంతే జోరుగా తిప్పుతాడు. కుంటడు, మూలగడు, చెయ్యి వణకదు. ఓడ మునిగేదాకా తేలుతూనే ఉంటుంది కదా. ఇవి అచ్చంగా రక్తమాంసాల కొలత కావని, నేర్పూ అదృష్టమూ వీటిలో కలిసి ఉంటాయని గైగాక్స్ 1979 నాటి డీఎం పుస్తకంలో వివరణ ఇచ్చుకున్నాడు. మరి "గాయాల్ని మాన్పు" మంత్రం అదృష్టాన్ని ఎట్లా కుట్టేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇంకా రావలసే ఉంది.

మంత్రంతో వైద్యం చేసే పాత్రను క్లెరిక్ అంటారు. భక్తుడూ యోధుడూ కలిసిన మనిషి. వైద్యుడు కావాలని ఎవరో ఆలోచించి ఇతన్ని పుట్టించలేదు. ఆర్నెసన్ ఆటలో ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారి మిగతా అందరినీ పీడిస్తుంటే, వాడిని పట్టడానికి సినిమాల్లోని పిశాచవేటగాళ్ల ధోరణిలో ఒక మతగురువును దించారు. వైద్యం ఆ పాత్రకు తగులుకున్న అదనపు పని. పిశాచి పోయింది, పని మిగిలింది. యాభై ఏళ్లుగా ప్రతి గుంపులోనూ "క్లెరిక్ ఎవరు తీసుకుంటరు?" అన్న ప్రశ్నకు అందరూ పక్కచూపులు చూడడం అక్కడ మొదలైంది.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాల్లో మూడో లెవల్ యోధుడికి ఇంచుమించు 28 పాయింట్లుంటాయి. ఓగ్ర్ అనే స్థూలకాయుడు దుడ్డుకర్ర తిప్పితే, తగిలిన ప్రతిసారీ సగటున 13 పోతాయి. పక్కన ఉన్న క్లెరిక్ తన వంతు మొత్తం వెచ్చించి క్యూర్ వూండ్స్ మంత్రం వేస్తే వచ్చేది ఎనిమిది ముఖాల పాచిక, దానికి 3 కలిపి. అంటే సగటున ఏడున్నర. 13 పోతుంటే ఏడున్నర పోయడమంటే అడుగు చిల్లిపడ్డ కడవను నింపడమే. అందుకని తెలివైన క్లెరిక్ యుద్ధం మధ్యలో ఎవరికీ వైద్యం చేయడు. యోధుడు కూలేదాకా ఆగుతాడు. కూలగానే హీలింగ్ వర్డ్ అనే చిన్న మంత్రం 60 అడుగుల దూరం నుంచే వేస్తాడు. వచ్చేది అయిదారు పాయింట్లే గాని చాలు, ఒక్క పాయింటుతోనూ పూర్తి బలంతో కొట్టవచ్చు గదా. యోధుడు లేస్తాడు, కొడతాడు, ఓగ్ర్ మళ్లీ పడేస్తాడు, క్లెరిక్ మళ్లీ ఒక మాట అంటాడు. ఒకే పోరాటంలో మూడుసార్లు చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి సాయంత్రం నిప్పు దగ్గర కూర్చుని జోకులు వేస్తుంటాడు. 2024లో వచ్చిన సవరణలో రెండు మంత్రాలకూ పాచికలను రెట్టింపు చేశారు. క్యూర్ వూండ్స్ సగటు 12కు చేరింది. 13కు ఇంకా ఒకటి తక్కువే.

కాబట్టి యుద్ధం లోపల వైద్యానికి విలువ తక్కువ. దాని విలువంతా యుద్ధానికీ యుద్ధానికీ మధ్య ఉంది. క్లెరిక్ మంత్రాలకు రోజుకింత అని కోటా ఉంటుంది, అందులో ఒక్కో వాడకాన్ని స్లాట్ అంటారు. మూడో లెవల్‌లో మొదటి తరగతి స్లాట్లు నాలుగు, రెండో తరగతివి రెండు. అయిపోతే అయిపోయినట్టే. తిరిగి నిండాలంటే లాంగ్ రెస్ట్ తీసుకోవాలి, అంటే ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటల్లో స్లాట్లన్నీ నిండుతాయి, హిట్ పాయింట్లన్నీ తిరిగి వస్తాయి. కత్తిపోటు, కాలిన గాయం, తేలుకాటు, ఏదైనా సరే తెల్లారేసరికి మాయం. 24 గంటల్లో ఒక్కసారే ఇట్లా పండుకోవచ్చన్నది నియమం. మొదట్లో విన్న "ఇప్పుడే గద లేచినం" అన్న మాట వెనక ఉన్నది ఈ నియమమే. మధ్యలో గంటసేపు కూలబడితే అది షార్ట్ రెస్ట్, దాంట్లో కొంత ఊపిరి తిరిగి వస్తుంది.

మధ్యరకంవో కాస్త కష్టమైనవో పోరాటాలను ఒక గుంపు రోజుకు ఆరు నుంచి ఎనిమిది దాకా తట్టుకుంటుందని 2014 డీఎం పుస్తకం అంచనా కట్టింది. నిజానికి ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, చాయ్ తాగి, ఆలస్యంగా వచ్చినవాడికి జరిగిన కథ చెప్పి మొదలుపెడితే చీకటిపడే వేళకు రెండు పోరాటాలు అయితే గొప్ప. ఎనిమిదికి సరిపడా ఇచ్చిన సరుకును రెండింట్లో కుమ్మరిస్తారు. పోరాడి, అన్నీ ఊడ్చేసి, తలుపు మూసి పండుకుని, మళ్లీ నిండుగా లేస్తారు. ఈ జబ్బుకు ఆటగాళ్లు చాలాకాలం కిందటే ఐదు నిమిషాల పనిదినం అని పేరు పెట్టారు.

తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసేది నీరటి. ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు పారాలో అతనే చూస్తాడు. డీఎం పని కూడా సరిగ్గా అదే. ఎవరు అడిగితే వాళ్లకు తూము బార్లా తీసే నీరటి ఊరందరికీ మంచివాడే, సంక్రాంతి దాకా. ఆ తర్వాత చివరి మడుల రైతులు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. నిద్ర అడిగినప్పుడల్లా సరేననే డీఎం ఆట కూడా మూడు నాలుగు వారాలు బాగానే సాగుతుంది.

ఈ తూమును ఎట్లా బిగించాలా అని ప్రతి ఎడిషనూ తంటాలు పడింది. 1970ల చివర్లో వచ్చిన అడ్వాన్స్‌డ్ నియమాల్లో మంత్రం లేకుండా గాయం మానాలంటే రోజుకు ఒక్క పాయింటు. బాగా దెబ్బతిన్నవాడు నెలరోజులు మంచం పట్టాలి, ఈలోగా కథ వాడి కోసం ఆగదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ తూమును మార్కెట్‌కు అప్పగించింది. 750 బంగారు నాణేలకు ఒక చిన్న మంత్రదండం, దాంట్లో 50 వాడకాలు, ఒక్కోదానికి సగటున ఐదున్నర పాయింట్లు. మొత్తం 275 పాయింట్లు, పాయింటుకు మూడు నాణేలు కూడా పడవు. కొంచెం డబ్బు చేరగానే ప్రతి గుంపూ ఈ దండాలను కట్టలుగా కొని సంచిలో వేసుకుంది. గాయం కిరాణా సామాను అయిపోయింది.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌ను చాలామంది తిట్టారు గాని, ఈ ఒక్క విషయంలో అందరికన్నా లోతుగా ఆలోచించింది అదేనని నా అభిప్రాయం. అందులో ప్రతి పాత్రకూ రోజుకు కొన్ని హీలింగ్ సర్జ్‌లు ఉంటాయి. ఒక్కో సర్జ్ మొత్తం పాయింట్లలో నాలుగో వంతు తిరిగి ఇస్తుంది. యోధుడికి రోజుకు 9, దేహదారుఢ్యాన్ని బట్టి ఇంకొన్ని. క్లెరిక్ మంత్రం వేసినా ఖర్చయ్యేది రోగి సర్జే. వైద్యుడు ఎంత గొప్పవాడైనా రోగి ఒంట్లో సత్తువ లేకపోతే చేయగలిగింది పెద్దగా లేదు. మంత్రాలు మిగిలే ఉన్నా సర్జ్‌లు అయిపోయిన యోధుడు "నాతోని గాదు, ఎనక్కి పోదాం" అనక తప్పదు. ఒక ఆట నియమం రోగి శరీరాన్ని ఇంతగా పట్టించుకోవడం అరుదు. అదే ఎడిషన్‌లో వార్‌లార్డ్ అనే సేనాని అరిచి ధైర్యం చెబితే గాయాలు మానడం కూడా ఉంది, తిట్లలో సగం దానికే పడ్డాయి. అరిస్తే పుండు మానుతుందా అని అడిగినవాళ్లే ఎనిమిది గంటలు పండుకుంటే మానడాన్ని మాత్రం కిమ్మనకుండా ఒప్పుకున్నారు.

ఇక మన నేల మీదికి వద్దాం.

అచ్చంపేట దాటి శ్రీశైలం రోడ్డు మీద పోతే మన్ననూరు తర్వాత నల్లమల దట్టమవుతుంది. ఆ అడవి లోపల లోతైన లోయలో సలేశ్వరం ఉంది. కొండ మీది నుంచి నీళ్లు దూకే గుండం పక్కన గుహలో లింగమయ్య. పూజలు చెంచులవి. పులుల అభయారణ్యం గనుక ఏడాదంతా పోనివ్వరు, చైత్ర పౌర్ణమి ముందువెనక కొన్ని రోజులే దారి తెరుస్తారు. బండ్లు ఆగిన చోటు నుంచి రాళ్ల దారిలో కొండలు ఎక్కి దిగుతూ కిలోమీటర్ల కొద్దీ నడవాలి, అదీ ఎండకాలం మొదట్లో. తెలంగాణ అమర్‌నాథ్ అని పత్రికలవాళ్లు పేరు పెట్టారు. అక్కడి మంచు ఇక్కడ లేదన్న చిన్న తేడాను వదిలేస్తే సరిపోతుంది. ఇక్కడికి ఒక ఆటను రాసుకోవడం చాలా సులువు. గుంపు అడవిలోకి దిగాలి, గుండం చేరాలి, దారి మూసేలోపు బయటపడాలి. తూమును డీఎం బిగించనవసరం లేదు, పౌర్ణమే బిగించి పెట్టింది. రెండుసార్లు లాంగ్ రెస్ట్ తీసుకున్న గుంపుకు జాతర అయిపోతుంది.

దాహం నియమాలు కూడా 2014 పుస్తకంలో ఉన్నాయి. మామూలుగా మనిషికి రోజుకు ఒక గ్యాలన్, వేడి ఉంటే రెండు. రెండు గ్యాలన్లంటే ఏడున్నర లీటర్లు. నలుగురికి 30 లీటర్లు, 30 కిలోల మోత. అందులో సగానికి తగ్గితే ఎక్సాషన్, అంటే బడలిక. ఇది ఆరు మెట్లు. మొదటి మెట్టులో పనులు తడబడతాయి, రెండో దాంట్లో నడక సగమవుతుంది, మూడులో కత్తి గురి తప్పుతుంది, నాలుగులో మొత్తం హిట్ పాయింట్లే సగానికి పడిపోతాయి, ఆరులో చావు. క్యూర్ వూండ్స్ దీని మీద పనిచేయదు. రాత్రి నిద్రకు ఒక్క మెట్టే తగ్గుతుంది, అదీ తిండీ నీళ్లూ దొరికితేనే. ఇంకో నియమం ప్రకారం 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటిన చోట తాగునీళ్లు లేకుండా ఉంటే గంట గంటకూ పరీక్ష, ఇనుప కవచం తొడిగినవాడికి ఇంకా కఠినం. ఈ లెక్కన మే నెలలో నల్లగొండ బస్టాండు ప్రమాదకర ప్రాంతాల పట్టికలోకి వస్తుంది. ఐరోపా కోటల కోసం రాసుకున్న ఆటలో పాలమూరు ఎండకు నిజంగా పనికొచ్చే పేజీలు ఇవే.

ఆ పేజీలను చించిపారేసే మంత్రాలు కూడా అదే పుస్తకంలో ఉండడమే చిక్కు. క్రియేట్ వాటర్ మొదటి తరగతి మంత్రం, ఒక్క స్లాట్‌కు పది గ్యాలన్లు, 38 లీటర్లు. నలుగురి దాహం ఒక్క మంత్రంతో తీరిపోయింది. డ్రూయిడ్ అనే వనమాంత్రికుడి గుడ్‌బెర్రీ ఇంకా అన్యాయం. ఒక్క స్లాట్‌కు పది పండ్లు, ఒక్కో పండుకు ఒక పాయింటు వైద్యం, పైగా ఒక్క పండు తింటే రోజంతా ఆకలి ఉండదు. రాత్రి పండుకునే ముందు మిగిలిన స్లాట్లన్నీ పండ్లు చేసేస్తే తెల్లారి స్లాట్లూ నిండుతాయి, పండ్లూ ఉంటాయి. సద్దిమూట కట్టుకున్నవాడు వెర్రివాడైపోతాడు. మొర్రిపండ్ల కోసం, తునికిపండ్ల కోసం చెట్లు వెతుక్కుంటూ తిరిగే అడవిలో ఈ మంత్రం వేసినవాడిని చూసి ఎవరైనా ముందు నమస్కారం పెడతారు, తర్వాత కట్టేసి ఊరికి తీసుకుపోతారు.

నీళ్లు పుట్టించేవాడిని తీసుకుపోయినా పెద్దగా లాభం లేదని లెక్క చెబుతుంది. మూడో లెవల్ క్లెరిక్ తన స్లాట్లన్నీ నీళ్లకే ధారపోస్తే, పెద్ద స్లాట్లకు రెట్టింపు లెక్కన, రోజుకు 80 గ్యాలన్లు, అటు ఇటుగా 300 లీటర్లు. మిషన్ భగీరథ తాగునీటి పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క పెట్టుకుంది. దేవుడి వరం పొందిన క్లెరిక్ ముగ్గురికి సరిపోతాడు.

నల్లమలలో ఆడించేటప్పుడు నేను పెట్టే షరతులు తేలికైనవే. క్రియేట్ వాటర్ గుండంలోనో వాగులోనో ఉన్న నీళ్లను పైకి తెస్తుంది తప్ప లేని చోట పుట్టించదు. గుడ్‌బెర్రీ గాయం మాన్పుతుంది, ఆకలి తీర్చదు. అప్పుడు ఏ నెలలో ఏ మడుగులో నీళ్లుంటాయన్న తెలివికి ఖరీదు వస్తుంది, అది తెలిసిన మనుషులతో మర్యాదగా ఉండాల్సి వస్తుంది. చెంచులను డ్రూయిడ్లుగా మార్చేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఆ పని చేయవద్దు. వాళ్లకున్నది ఎరుక, దాన్ని మంత్రం చేస్తే మళ్లీ ఒక స్లాట్ అయిపోతుంది.

సలేశ్వరంలో గడియారం ముందుకు తరుముతుంది. పానగల్‌లో అదే గడియారం కూర్చోబెట్టి చంపుతుంది. పానగల్ అనే ఊరు నల్లగొండ పక్కనా ఉంది, వనపర్తి దగ్గరా ఉంది, ఏది ఏదన్న తగాదాలోకి మనం దిగవద్దు. బహమనీ సుల్తాన్ ఫిరోజ్‌షా 1417లో విజయనగరం చేతిలోని పానగల్ కోటను చుట్టుముట్టాడు. దాదాపు రెండేళ్లు కూర్చున్నాడు. కోట లొంగలేదు. ఈలోగా దండులో రోగం దిగి మనుషులూ గుర్రాలూ కూలారు. మొదటి దేవరాయలు సైన్యంతో వచ్చి పడేసరికి సుల్తాన్ దగ్గర మిగిలింది తట్టుకోలేకపోయింది. ఆ ఓటమి తర్వాత అతను కోలుకోలేదు, 1422లో గద్దె తమ్ముడి చేతికి పోయింది.

ఆట పుస్తకం ప్రకారమైతే ఫిరోజ్‌షా దండు అందరికన్నా ఆరోగ్యంగా ఉండాలి. రెండేళ్లపాటు రోజూ ఎనిమిది గంటల నిద్ర, అంటే 700కు పైగా లాంగ్ రెస్ట్‌లు. నిజం దండులో ప్రతి రాత్రీ ఒక ఖర్చు. వేలమంది ఒకే చోట తింటే, తాగితే, దొడ్డికి పోతే విశ్రాంతే రోగం తెస్తుంది. 2014 పుస్తకంలోనే గ్రిటీ రియలిజం అనే ఐచ్ఛిక నియమం ఉంది. దాంట్లో షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. ముట్టడి కథకు ఇది సరిగ్గా అతుకుతుంది. ప్రతి ఏడు రోజుల విశ్రాంతికీ దండులో రోగం పాచిక ఒకటి వేయించండి. కోట లోపలివాళ్లకు ధాన్యం పాచిక, బయటివాళ్లకు రోగం పాచిక. ఎవరూ కత్తి దూయకుండానే రెండు గంటలు ఊపిరి బిగపట్టి ఆడవచ్చు. కాలాన్ని ఇంతకన్నా కరకుగా వాడినవాళ్లూ ఉన్నారు. 2023లో వచ్చిన షాడోడార్క్ అనే ఆటలో కాగడా సరిగ్గా ఒక గంట వెలుగుతుంది, ఆ గంట బల్ల మీద ఫోన్‌లో నడిచే నిజం గంట. మధ్యలో మిర్చిబజ్జీలు తింటూ కూర్చున్నా కాగడా తరుగుతూనే ఉంటుంది.

చివరికి నల్లగొండ నీళ్ల దగ్గరికి రావాలి, ఇక్కడ హాస్యానికి చోటు తక్కువ. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్ల బోర్లలో అంతకు మించిన నీళ్లే తరాల తరబడి తాగారు. మొదట పండ్లు గార పడతాయి, తర్వాత కీళ్లు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. ఏ ఒక్క గ్లాసూ దెబ్బ కాదు, ఏ ఒక్క రాత్రి నిద్రా దాన్ని తిరిగి ఇవ్వదు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన దారి అది. ఆ తర్వాత కృష్ణా నీళ్లు గొట్టాల్లో వచ్చాయి.

హిట్ పాయింట్లకు ఈ గాయం అందదు. ఓడ లెక్కలో బొట్టు బొట్టుగా వంగే కలప లేదు. ఇటువంటి ఊరిని కథలో పెట్టే డీఎం ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. దీన్ని మామూలు రోగమని రాస్తే రెండో తరగతి లెసర్ రెస్టొరేషన్ మంత్రంతో ఒక్క చిటికెలో పోతుంది. ఒక తరం మనుషుల బాధను మూడో లెవల్ కుర్రాడు మధ్యాహ్నం భోజనానికి ముందు తీర్చేస్తాడు. అట్లా రాయవద్దు. గరిష్ఠ హిట్ పాయింట్లు శాశ్వతంగా తగ్గాయని రాయండి. అప్పుడు చిన్న మంత్రాలు పనిచేయవు.

నీళ్ల సంగతి మాత్రం వేరు, ఇక్కడ పుస్తకంలో ఎవరూ పట్టించుకోని ఒక మంత్రం లేచి నిలబడుతుంది. ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్. ఐదడుగుల వ్యాసార్ధపు గోళంలో ఉన్న తిండీ నీళ్లలోంచి విషాన్నీ రోగాన్నీ తీసేస్తుంది. రాక్షసుల మీద పనికిరాదు గనుక ఆటగాళ్లు పట్టికలో దాన్ని దాటి పోతారు. కానీ దాన్ని తంతుగా చేయవచ్చు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, స్లాట్ ఖర్చు కాదు. ఐదడుగుల వ్యాసార్ధపు గోళంలో పట్టే నీళ్లు సుమారు 14,800 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. గంటకు ఐదుసార్లు చేస్తే 74,000 లీటర్లు. భగీరథ లెక్కన 740 మందికి. అన్ని స్లాట్లూ ధారపోసి ముగ్గురికి నీళ్లిచ్చిన క్లెరిక్కే, ఒక్క స్లాటూ ఖర్చు పెట్టకుండా గంటసేపు బావి దగ్గర కూర్చుంటే ఊరికి నీళ్లిస్తాడు. ఆ మంత్రానికి ధర కాలం ఒక్కటే.

ఫ్లోరైడ్ విషమా కాదా అని ఎవరో ఒకరు పుస్తకం తీసి వాదిస్తారు. సహజంగా నేలలో ఉన్న ఖనిజం విషం ఎట్లా అవుతుందని. నేనైతే విషమేనంటాను, ఆ ఊళ్లను చూసినవాళ్లెవరూ కాదనరు. ఆ మంత్రంతో రేపటి నుంచి తాగే నీళ్లు బాగుపడతాయి, నిన్నటిదాకా తాగిన నీళ్లు ఎముకల్లోనే ఉంటాయి. వాటికి గ్రేటర్ రెస్టొరేషన్ కావాలి. ఐదో తరగతి మంత్రం, తొమ్మిదో లెవల్ క్లెరిక్ ఉండాలి, ఒక్కో మనిషికి వంద బంగారు నాణేల విలువ చేసే వజ్రాల పొడి కావాలి. వజ్రాలు తేవచ్చు, ఒకప్పుడు లోకమంతా వెతుక్కుంటూ వచ్చిన కొల్లూరు గనులు కృష్ణకు అవతలి ఒడ్డునే. అయితే తొమ్మిదో లెవల్ క్లెరిక్‌కు ఐదో తరగతి స్లాట్ రోజుకు ఒక్కటే ఉంటుంది. అంటే రోజుకు ఒక్క మనిషి. కాబట్టి ఆట మొదలు కాకముందే నడుం వంగినవాళ్లు ఊళ్లో ఎందరున్నారో డీఎం తన నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోవాలి, వరుసలో ముందు ఎవరిని నిలబెట్టాలో ఆటగాళ్లనే తేల్చుకోమనాలి.